పోలమ్మ ముక్కుపుడక

'వృద్ధురాలి పొరపాటు' అని నా నోటుపుస్తకంలో తొమ్మిది చోట్ల రాసి ఉంది. నా రాతే. గుండ్రంగా, అచ్చుగుద్దినట్టు రాశాను కూడాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంచుకున్నాను. అన్నీ నాకే తెలుసుననే పొగరు తలకెక్కినప్పుడల్లా తీసి ఆ తొమ్మిది పేజీలూ చూసుకుంటాను. దెబ్బకు దిగిపోతుంది.

ఆ వృద్ధురాలు గరికిన పోలమ్మ. విశాఖపట్నం చేపలరేవులో నలభై ఏళ్ళు వంజరం అమ్మిన మనిషి. నా పేరు సుభాషిణి. నంద్యాల దగ్గర పల్లెలో, పప్పూ చారూ తప్ప మరొకటి ఎరగని ఇంట్లో పుట్టాను. ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా సముద్రం ఎలా ఉంటుందో చూడలేదు. చేపల మీద పరిశోధన చెయ్యడానికి విశాఖపట్నం పోతున్నానంటే మా అవ్వ "నీకేం పోయేకాలం వచ్చెనే" అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటిదాన్ని తీసుకెళ్ళి పోలమ్మ పక్కన కూర్చోబెట్టింది మా ప్రయోగశాల పెద్ద, రత్నకుమారి మేడం.

వంజరం సంగతి తినేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ముల్లు తక్కువ, ముక్క గట్టి. పెళ్ళి విందుల్లోనూ అదే, పెద్ద హోటళ్ళలోనూ అదే. ఐసుపెట్టెల్లో విమానమెక్కి దూరదేశాలకూ పోతుంది. కానీ ఆ చేపకు ఒక గుణం ఉంది. పట్టిన వెంటనే ఐసులో పెట్టకుండా నాలుగైదు గంటలు ఎండలో వదిలేస్తే కంటికి కనపడని సూక్ష్మజీవులు దాని మాంసంలో విషం పుట్టిస్తాయి. ఆ తరవాత ఐసులో పెట్టినా అది పోదు, పొయ్యి మీద ఉడికించినా పోదు. చేప మాత్రం కళ్ళు మెరుస్తూ, మొప్పలు ఎర్రగా, నిక్షేపంలా కనిపిస్తుంది. తిన్నవాళ్ళకు మొహం కందిపోయి, గుండె దడదడలాడి, ఒక్కోసారి ఊపిరి అందదు. విషం ఉందో లేదో పరీక్షలో తేలడానికి గంటలు పడుతుంది. రేవులో ఒక రాశి వేలంపాట పది నిమిషాల్లో ముగిసిపోతుంది.

పోలమ్మకు మాత్రం ఒక్క పీల్పు చాలు. మొప్ప ఎత్తి, ముక్కు ఆనించి, కళ్ళు మూసుకునేది. అంతే, తెలిసిపోయేది. విషానికి వాసన లేదు గాని, అది పుట్టేటప్పుడు దానితోబాటు ఏదో సన్నటి వాసన పుడుతుంది. మా పరికరాలకు అందని ఆ వాసన ఆవిడకు అందేది. ఇంటి దగ్గర కబుర్లలో అలాంటి చేపను ఆవిడ "ఎండ తిని ఐసులో దాక్కున్న సేప" అనేది.

రత్నకుమారి మేడం చేయదలచుకున్నది ఇదీ. మన ముక్కు లోపల పైభాగంలో వాసన పట్టే పొర ఒకటి ఉంటుంది. పోలమ్మ ముక్కులోంచి ఆ పొర కొంచెం తీసి, ఆ కణాలను గాజుబిళ్ళ మీద బతికించి, చిన్న పుల్లకు అమర్చాలి. పుల్లను మొప్ప దగ్గర పెడితే కణాలు వాసన పట్టి సంకేతం ఇస్తాయి. పది సెకన్లలో పచ్చదీపమో ఎర్రదీపమో వెలుగుతుంది. ఆవిడ ముక్కు లాంటివి రేవంతా వందలు ఉంటాయి.

"మీకు ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చిన్నవయసు వాళ్ళకైతే ఆ పొర మళ్ళీ పెరుగుతుంది. మీ వయసుకు పెరగకపోవచ్చు. వాసన మొత్తానికే పోవచ్చు," అంది మేడం.

పోలమ్మ వక్క కొరికింది.

"పులుసు వాసన కూడానా?"

"అన్నీనమ్మా."

పక్కనే ఆవిడ కోడలు కనకం ఉంది. "ఒల్దత్తా! ఈలకేటి, ఇంకో ముక్కు ఎతుక్కుంటారు," అని కొంగు దోపి లేచింది.

"నువ్వుండవే. నాకున్నయి రెండు సేతులు, ఒక ముక్కు. రేవులో దిగే సేపలెన్ని? నాను పొయ్యాక ఈ ముక్కు నాతోటే కాలిపోతే ఎవులికి లాబం?" అని, కోడలి చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఇంకోటి కూడా ఉందిలే. అది నీకు తెలుసు."

ఆ ఇంకోటి ఏమిటో నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

పొర తీసేముందు మూడు నెలలు నాకు పని. రోజూ తెల్లవారుజామున రేవు గట్టు మీద పోలమ్మ పక్కన కూర్చునేదాన్ని. ఆవిడకు ఎడంపక్క సముద్రం, కుడిపక్క ఊరు. ఎదురుగా కెమెరా. ఆవిడ ఒక చేప ఎత్తి వాసన చూసేది. నేను ఆ మొప్ప దగ్గరి గాలిని చిన్న సీసాలోకి పట్టి, మూతవేసి, అంకె రాసి, ఆవిడ అన్నమాట పక్కన రాసుకునేదాన్ని. తరవాత కణాలకు ఆ సీసాలు ఒక్కొక్కటే వాసన చూపించి, ఇది పోలమ్మ మంచిదన్నది, ఇది కాదన్నది అని నేర్పాలి. బడిపిల్లకు అక్షరాలు దిద్దించినట్టే.

మొదటివారం నాకు వాంతులే. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే పోలమ్మ పడీపడీ నవ్వింది.

"ఓలమ్మో! సేపల సదువు సదివి ముక్కు మూసుకుంటాదేటి ఈ గుంట! కాపరానికొచ్చి మొగుడికి మొకం సాటేసినట్టుంది."

"నవ్వండి, నవ్వండి. మా ఊరికి తీసకపోయి గోంగూర పచ్చడిలో మిరపకారం ఎంతుందో వాసనతో చెప్పమంటా, అప్పుడు చూస్తా," అన్నాను ఉక్రోషంగా.

"ఎంతుంటే ఏటి, నువ్వే మిరపకాయవి," అంది.

ఆ రోజునుంచీ నేను 'మేడంగారు' పోయి 'గుంట', అంటే వాళ్ళ మాటలో పిల్ల, అయ్యాను. నాకు రోజూ ఇంటినుంచి ఉల్లిపాయ వేసిన చోడిఅంబలి, అంటే మా రాగిఅంబలే, తెచ్చేది, చేప తగలని వేరే గిన్నెలో. ఆ గిన్నె నా కోసమని కొత్తగా కొన్నదని చాలా రోజులకు కనకం చెప్పింది.

పడవల్లోంచి దిగిన చేపల్ని పోలమ్మ తిట్టడం నేను వినలేదు. "మంచి సేపే" అనేది. ఒక్కోసారి "తల్లి సల్లగుండ, మంచి సేపే" అనేది. మేము ప్రయోగశాలలో కావాలని రెండు రోజులు పాడుచేసి తెచ్చిన చేపలు చూపిస్తే మాత్రం శివాలెత్తిపోయేది. "తూ! బంగారంనాటి సేపని కుల్లబెట్టీసినారు. ఇది సేపేటి, ఎరువు! మీ సదువులు తగలెట్ట!" నేను అన్నీ రాసుకున్నాను. మంచివన్నీ ఒక పక్క, ఎరువంతా ఒక పక్క.

ప్రతి పది చేపల్లో ఒకదాన్ని మా దగ్గర మామూలు పద్ధతిలో కూడా పరీక్షించేవాళ్ళం. మూడు నెలల్లో తొమ్మిదిసార్లు తేడా వచ్చింది. పోలమ్మ మంచిదంది, పరీక్ష విషమంది.

"తొమ్మిదంటే తక్కువా, సుభాషిణీ?" అంది మేడం.

"డెబ్భై ఏళ్ళావిడ మేడం. ఒక్కో రోజు చలిజ్వరంతో కూడా వచ్చి కూర్చుంటుంది. ఆమాత్రం తప్పు పోకుండా ఉంటుందా?" అన్నాను. ఆవిడను వెనకేసుకొస్తున్నానని అనుకున్నాను కూడా. ఆ తొమ్మిదింటినీ లెక్కలోంచి తీసేసి, పక్కన 'వృద్ధురాలి పొరపాటు' అనే ఆ రెండు మాటలూ రాశాను.

పొర తీసే ముందురోజు పోలమ్మ రేవుకు రాలేదు. ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్కటే వాసన చూస్తోంది. కొత్త వల, ఎండుచేపల బుట్ట, బియ్యం డబ్బా, పెట్టెలో దాచిన మొగుడి పాత చొక్కా. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాడు మీద ముక్కు ఆనించి చాలాసేపు ఉండిపోయింది. చివరికి నన్ను దగ్గరకు లాక్కుని నా జడ వాసన చూసింది.

"ఉసిరికాయ నూనేటి?"

"అవునమ్మా."

"సరే. గుర్తెట్టుకుంటాను."

మర్నాడు ఆసుపత్రిలో చిటికెనవేలి గోరంత పొర తీశారు. కణాలు చక్కగా బతికాయి, ఒకటికి వెయ్యిగా పెరిగాయి. కొన్ని వారాలకొకసారి పోలమ్మ ముక్కును పరీక్షించాం. కాఫీపొడి, కిరసనాయిలు, కర్పూరం. ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. వాసన తిరిగి రాలేదు.

అది రేవులో తెలిసిన దగ్గర్నుంచి ఒక వింత మొదలైంది. దారిన పోయే చేపలామె ఒకతె ఆగి, "పోలమ్మత్తా, ఇయ్యాల గాలి వానొచ్చే వాసనేస్తంది," అనేది. ఇంకొకతె పూలబుట్ట చూపించి, "మల్లిపూలు. నిన్నటియి, కుంచెం ఆడిపోనాయి," అనేది. ఎవరూ చెప్పమనలేదు. వాళ్ళంతట వాళ్ళే తలా ఒక వాసన తెచ్చి ఆవిడకు మాటల్లో ఇచ్చి పోయేవాళ్ళు. పోలమ్మ శ్రద్ధగా వినేది. నేనూ చెప్పబోయేదాన్ని గాని, పులుసు దగ్గర నాకు మాటలు వచ్చేవి కావు. "చింతపండు... ఆ తరవాత ఏదో..." అంటే, "పో, పప్పుముద్దా!" అని నెత్తిన మొట్టేది.

పుల్లలు తయారయ్యాయి. మేము దానికి మూరెడు ఇంగ్లీషు పేరు పెట్టాం. రేవులో ఆడవాళ్ళు ఒక్క చూపు చూసి 'పోలమ్మ ముక్కుపుడక' అన్నారు. ఆ పేరే నిలిచింది. మొదటిరోజు ఆరు ముక్కుపుడకలు రేవులో దిగాయి. ప్రతి మొప్ప దగ్గరా పచ్చదీపమే వెలుగుతుంటే ఈలలు, చప్పట్లు. ఆ సంబరంలో ఇంకా ఎవరూ ముట్టని రాశిలోంచి నేనే ఒక మంచి వంజరం ఎంచి, పుల్ల పెట్టి, పచ్చదీపం చూసి, పోలమ్మకు కానుకగా ఇచ్చాను.

"అయితే అందరూ మా ఇంటికే బోజనానికి రావాల," అంది.

మధ్యాహ్నం వాళ్ళింట్లో మేడం, మా ప్రయోగశాల వాళ్ళు ఇద్దరు, కనకం, పోలమ్మ. మనవరాలు బడికి వెళ్ళింది, అదొక్కటే ఆ రోజు మా అదృష్టం. పోలమ్మే పులుసు వండింది. మూత తీసి, ఆవిరి మొహానికి కొడుతుంటే, అలవాటు కొద్దీ ముక్కు ఎగబీల్చి, ఆగిపోయింది. "కనకం, సూడే, ఎలాగుందో," అంది. నాకు పప్పన్నం వడ్డించారు. మిగతావాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారు.

అరగంట గడిచిందో లేదో మేడం చెవులు ఎర్రబడ్డాయి. మా వాళ్ళలో ఒకడు తలపోటని కూర్చున్నాడు. పోలమ్మ మొహం కందగడ్డ అయింది. గిన్నెలు కడగడానికి వెళ్ళిన కనకం గోడ పట్టుకుని జారిపోయింది. గొంతులోంచి ఈలలా శబ్దం. నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. ఆటో పిలిచి, కనకాన్ని ఎత్తి పడుకోబెట్టి, దారి పొడుగునా "ఊపిరి తీస్కో తల్లీ, తీస్కో" అని అరుస్తూనే ఉన్నాను. ఆసుపత్రిలో డాక్టరు ఒక్క చూపు చూసి, "చేప తిన్నారా?" అని సూదిమందు ఇచ్చాడు. గంటకు గాని కనకం ఊపిరి దారిలో పడలేదు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో అని డాక్టరు నాతో మాత్రమే అన్నాడు.

మిగతావాళ్ళతో వెనకే వచ్చి మందు వేసుకున్న పోలమ్మ బయట బల్ల మీద కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

"నలబై ఏళ్ళలో నా గడప లోపలికి ఎండ తిన్న సేప రానేదు, గుంటా," అంది, అంతే.

ఆవిడ ముక్కు తీసుకుని మేము ఆవిడకు తిరిగి ఇచ్చింది ఇదా?

ఆ తరవాత జరిగేది జరిగింది. డబ్బు ఇచ్చే పెద్దలు పని ఆపెయ్యమన్నారు. పదిరోజుల గడువు. పదోరోజున కణాలకు ఆహారం ఆపెయ్యాలి. ఆపితే పూటలో చచ్చిపోతాయి. మళ్ళీ తీసుకోవడానికి పోలమ్మ దగ్గర ఇంకేమీ మిగల్లేదు. మేడం రెండు రోజులు గాజుబిళ్ళల్ని పరీక్షిస్తూనే ఉంది.

"కణాలు బ్రహ్మాండంగా ఉన్నాయి సుభాషిణీ. ఆ రోజు చేపకు గట్టిగానే సంకేతం ఇచ్చాయి. ఆ సంకేతానికి అర్థం మంచిదని మనమే నేర్పాం. తప్పు ఎక్కడో మన రాతల్లో ఉంది."

"రాతల్లో తప్పులేదు మేడం. ఆవిడ ఏమంటే అదే రాశాను," అన్నాను, ఏడుపును కోపంలోకి మార్చుకుని.

నాలుగోరోజు పొద్దున్నే రేవుకు వెళ్ళాను. క్షమించమని అడగాలి. ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక గట్టు మీద ఒక మూల నిలబడిపోయాను. పాట మొదలైంది. పోలమ్మంత ముక్కు లేకపోయినా పైకి తెలిసే చెడును పట్టగల ఒక చేపలామె రాశిలోంచి పెద్ద వంజరాన్ని ఎత్తి, వాసన చూసి, నలుగురికీ వినపడేట్టు "మంచి సేపే!" అని పక్కన పెట్టింది. మంచి చేపే కదా, ఎగబడతారనుకున్నాను. ఒక్కరూ పాట పాడలేదు. చూసి, దాన్ని దాటి, పక్క చేప దగ్గరకు పోయారు.

నాకు అర్థం కాలేదు. ఇంకో చేప ఎత్తింది. మళ్ళీ "మంచి సేపే" అంది. దానికి మాత్రం నలుగురు ఎగబడ్డారు.

కనకం గంప దించుకుని నా పక్కకు వచ్చింది. ఇంకా నీరసంగానే ఉంది. "ఏటండీ, దెయ్యం పట్టినట్టు నిలబడిపోనారు?"

"కనకం, అదీ మంచిదే అంది, ఇదీ మంచిదే అంది. దాన్ని ఎవరూ ఎందుకు కొనలేదు?"

కనకం నా మొహంలోకి చూసింది. "తల సూడనేదా? దాని తల సముద్రం వైపు పెట్టింది కదా."

"అయితే?"

"అయితే ఏటండీ! గంగమ్మ ఇచ్చింది. ఇచ్చినమ్మ ముందర నిలబడి బాగోనేదంటే ఏటి మరియాద? నోటితోటి అన్నీ మంచియే అంటాం. నిజంగా మంచిదయితే తల ఊరి వైపు పెడతాం, ఇంటికి పదమ్మా అని. కానిదయితే సముద్రం వైపు పెడతాం, తల్లీ, నీది నువ్వే తీసుకో అని. పుట్టిన పిల్లకి తెలుసు ఇది. మూడు నెల్లు మా అత్త పక్కన కూకున్నారు, మీకు తెల్దా?"

అక్కడే తడిగట్టు మీద కూలబడ్డాను.

"మరి మా ప్రయోగశాల చేపల్ని తిట్టేదే?"

"అయి మీరు కుల్లబెట్టినవి కదా. గంగమ్మ ఇచ్చినట్టా?" అని కనకం నా పక్కనే కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది. "ఒక్కపాలి ఎవులో బయటూరి వ్యాపారి వచ్చాడండి. మీలాగే ఆయనకీ తెల్దు. సముద్రం వైపు తలెట్టిన సేపల్ని, మంచియే అన్నారు కదా అని, సవగ్గా వస్తన్నాయని కొనీసి లారీ ఎక్కించీసినాడు. అత్త సూసింది. నోరు ఇప్పనేదు. ఏదో పెల్లికి పోనాయట ఆ సేపలు. ఒక ఆడపిల్ల దక్కనేదని తరవాత తెలిసింది. అప్పట్నించీ అత్తకి అదే దిగులు. అందుకే ముక్కిచ్చీసింది. నోరు సెప్పనేని మాట దీపం సెప్తాది కదా అని."

ఆ ఇంకోటి ఇదన్నమాట.

ఎలా లేచానో, ఎలా ఆటో ఎక్కానో గుర్తులేదు. ప్రయోగశాల మెట్లు రెండేసి ఎక్కి, మేడం చేయి పట్టుకుని లాక్కొచ్చి, కెమెరా బొమ్మలు తెర మీద పెట్టాను. మేము కెమెరాను పోలమ్మ ముక్కుకు గురిపెట్టాం. మాకు కావలసింది ముక్కే కదా! ఆవిడ చేతులు తెర కింది అంచున, సగం తెగి కనపడుతున్నాయి. ఆవిడకు ఎడంపక్క సముద్రం.

నోటుపుస్తకం తీశాను. 'వృద్ధురాలి పొరపాటు' మొదటిది, చేప అంకె రెండు వందల పదకొండు. పోలమ్మ వాసన చూసింది. "మంచి సేపే," అంది. చేప మీద ఒకసారి అరచెయ్యి రాసి, తల తన ఎడంపక్కకు తిప్పి పెట్టింది.

రెండోది. తల ఎడంపక్కకు.

మూడోది, నాలుగోది, అయిదోది. మేడం కళ్ళజోడు తీసేసి తెరకు దగ్గరగా జరిగింది. ఎనిమిదోది పోలమ్మ చలిజ్వరంతో వచ్చిన రోజుది. చేతులు వణుకుతున్నాయి. రెండు చేతులతో ఎత్తి, ఓపిక లేకపోయినా పూర్తిగా తిప్పి, సముద్రం వైపే పెట్టింది. తొమ్మిదోదీ అంతే.

తొమ్మిదికి తొమ్మిది. ఆవిడ ఒక్కసారి కూడా పొరబడలేదు. పక్కనే కూర్చుని చూడనిదాన్ని నేను. నోటిమాట రాసుకోవడం ఒక్కటే చదువనుకున్నాను. బల్ల మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. మేడం నా వీపు నిమిరి, "ఏడుపు తరవాత. ఆరు రోజులే ఉన్నాయి, లే," అంది.

మూడు వేల చిల్లర చేపలు. ప్రయోగశాలలో ఉన్న ప్రతి మనిషీ, తలుపు దగ్గర కాపలా ఉండే అప్పారావుగారితో సహా, తెరల ముందు కూర్చున్నారు. తల ఊరికా, సముద్రానికా? అదొక్కటే రాశాం. మళ్ళీ సీసాలు తీసి, కణాలకు మొదటినుంచీ అక్షరాలు దిద్దించాం. ఈసారి పోలమ్మ నోటిమాట కాదు, చేతిమాట నేర్పాం.

తొమ్మిదోరోజు సాయంత్రం ఒక్కటే పరీక్ష మిగిలింది. మేము విందు చేసుకున్న ఆ వంజరంలో వండకుండా మిగిలితే మేడం దాచి ఉంచిన తోకముక్క ప్రయోగశాల ఐసుపెట్టెలో భద్రంగా ఉంది. పుల్లను దాని దగ్గర పెట్టింది నేనే. ఒకటి, రెండు, మూడు... పది సెకన్లు పదేళ్ళలా గడిచాయి.

ఎర్రదీపం వెలిగింది.

మేడం కణాలకు పట్టే ఆహారం సీసా తీసి, కొత్తది పెట్టింది.

ఆ ఎర్రదీపం చూశాక డబ్బు ఇచ్చే పెద్దలు దిగివచ్చారు. నెల తరవాత ముక్కుపుడకలు మళ్ళీ రేవుకు వచ్చాయి. ఈసారి ఈలలు లేవు, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మొదటి చేప పోలమ్మ చేతిలో పెట్టాం. ఆవిడ మొప్ప ఎత్తింది, కనకం పుల్ల ఆనించింది. పచ్చ. తల ఊరివైపు. రెండోది పచ్చ. ఏడో చేప దగ్గర ఎర్రదీపం వెలిగింది. మా వాళ్ళు దాన్ని పరీక్షకు పంపితే విషమే అని తరవాత తేలింది. పోలమ్మ ఆ దీపాన్ని చాలాసేపు చూసింది. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న గంప ఎవరో దించినట్టు ఆవిడ భుజాలు వదులయ్యాయి.

"మంచి సేపే, తల్లీ," అని సముద్రానికి చెప్పి, తల అటువైపు తిప్పి పెట్టింది.

అవతల ఒక బయటూరి వ్యాపారి నిలబడి ఉన్నాడు. మాట విన్నాడు, దీపం చూశాడు, ఆ చేప జోలికి పోలేదు.

పాట అయిపోయాక గట్టు మీద నా పాతచోటులో ఆవిడ పక్కన కూర్చున్నాను. కొత్త గిన్నెలో అంబలి వచ్చింది. గాలిలో ఏముందో చెప్పాను. ఉప్పు, డీజిలు, తడిసిన తాడు, ఎవరో వేయిస్తున్న చేప. ఇప్పుడు నాకు అది వేపుడని తెలుస్తోంది, పసుపు కాస్త ఎక్కువైందని కూడా. పోలమ్మ వింటూ ఊ కొట్టింది.

అడగాల్సిన క్షమాపణ అప్పటికీ అడగలేదు. ఈ ముసలామె ముక్కుతో ఈ రోజు ఎన్ని ఇళ్ళలో నిశ్చింతగా అన్నం తింటారో! వాళ్ళెవరికీ ఆవిడ పేరు తెలియదు. నాకు తెలుసు. నాకు చదువు ఇచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, చూడటం నేర్పింది ఈవిడే. నా తప్పుకు ఈవిడ కోడలు చావుదాకా పోయి వచ్చింది. ఈ రుణం ఏ జన్మకూ తీరేది కాదు.

"పోలమ్మత్తా," అన్నాను. మొదటిసారి అత్తా అని పిలిచాను. "మనవరాలి మాడు వాసన పోయింది, పులుసు వాసన పోయింది. మా చేతికి ముక్కు ఇచ్చినందుకు, నన్ను నమ్మినందుకు... నీకు కష్టంగా లేదా? నిజం చెప్పు."

"మంచిదే," అంది వెంటనే. "అంతా మంచిదే గుంటా."

ఈ రేవులో నోటిమాటకు ఏం విలువుందో ఇప్పుడు నాకు తెలుసు. అందుకే ఆవిడ మొహం చూడలేదు. తలవంచుకుని ఆవిడ చేతులకేసి చూస్తూ కూర్చున్నాను. పొలుసులు అంటుకుని, ఐసుకు పగిలిన చేతులు. చాలాసేపు కదల్లేదు.

అప్పుడు ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. రెండు అరచేతులతో నా తల పట్టుకుని, నెమ్మదిగా, పూర్తిగా, ఊరివైపు తిప్పింది.